గంటలోనే నిండే బ్యాటరీ

హాలియాల ఉన్న మా పెద్దక్క మరియమ్మకు, పుణె నుంచి తమ్ముడు యేసోబు రెండు చేతులు జోడించి రాసేది. ప్రభువు కృపతోని నేను మంచిగున్న. నువ్వు, బావ, పిల్లలు మంచిగున్నరని నమ్ముతున్న. బావ మోకాలునొప్పికి దవాఖానకు తీస్కపోయినవా? ఇక్కడ వాన ఒక్కతీరుగ పడ్తాంది. జొన్నరొట్టె దొరుకుతది గని నంజుకోనీకె మన తొక్కు లేదు. నా గురించి ఫికర్ చెయ్యకు.

అక్కా, మా కార్ఖానల బ్యాటరీతోని నడిచే కార్లు చేసి చూస్తున్నరని చెప్పిన గద. వాటికి కరెంటు ఎక్కించే పని నాది. పొద్దున తగిలిస్తే నిండేసరికి పొద్దుగూకుతది. అందాక డ్రైవర్లు యాడికి పోతరు? నా ముంగటనే కూసునేటోళ్లు. నేను లేచి వాక్యం చెప్పేటోన్ని. బైబిల్ల దీపాలల్ల నూనె అయిపోయి పెండ్లి తలుపు బయటనే నిలబడ్డ ఆడపిల్లల కథ చెప్తే ఒక డ్రైవరు కండ్లనీళ్లు పెట్టుకున్నడు. ఊర్ల మైకు పెట్టినా నా మాట అంత బుద్ధిగ ఎవరు వినలే.

పోయిన నెల ఖాజా వచ్చిండు. మన దిక్కోడే, పాలమూరు, నాకంటె చిన్నోడు. వానితోని కొత్త మిషన్ వచ్చింది. అది కరెంటును ఆపి ఆపి కొడ్తది, గంటలోనే బ్యాటరీ నిండుతది. డ్రైవర్లు చాయ్ తాగొచ్చి బండెక్కి పోతున్నరు. "యేసోబన్నా, నీ ప్రసంగం కంటె ఖాజా మిషన్ నయం, జల్ది ఒడుస్తది" అని నవ్వుతున్నరు. పొద్దంత పనిచేసినోనికి, ఆఖరి గంటకు వచ్చినోనికి ఒకటే కూలి ఇచ్చిన యజమాని కథ నేనే ఎన్నిసార్లు చెప్పిన! ఇప్పుడు ఆ కూలి చూసి గొణిగిన పొద్దటి కూలోన్ని నేనే అయిన. ఆ మిషన్ కాలిపోవాలని ప్రార్థన చేసిన అక్కా.

మొన్న శుక్రవారం ఖాజా నమాజుకు పోవుకుంట, "అన్నా, జర చూడు. బ్యాటరీ వేడెక్కితే బంద్ చెయ్" అన్నడు. కాసేపటికే బుసబుస పొంగింది, యాసిడ్ వాసన గుప్పుమన్నది. దేవుడు నా ప్రార్థన విన్నడనుకున్న. స్విచ్ బంద్ చెయ్యనీకె చెయ్యి లేవలే. ఇది పాడైతే డ్రైవర్లు మళ్ల నా ముంగట కూసుంటరు. అప్పుడు కారుకు ఆనుకొని నిలబడ్డ డ్రైవరును చూసిన. పగిలితే యాసిడ్ ఆయన మొకం మీదనే పడ్తది. ఉరికి స్విచ్ బంద్ చేసిన.

ఖాజా వచ్చి బ్యాటరీ తాకి చూసిండు. "నువ్వుండంగ నాకేం ఫికర్ అన్నా" అన్నడు. డ్రైవరుతోని, "చల్లారేదాక ఆగాలె. కూసో, అన్న నాలుగు మాటలు చెప్తడు, నేను గూడ వింట" అని తానే ముందు నేల మీద కూసున్నడు.

లేచి నిలబడ్డ. మళ్ల ఖాజా పక్కకు పోయి నేల మీదనే కూసున్న.

బ్యాటరీ చల్లారింది గని నా కడుపుమంట చల్లారలే అక్కా. బావకు, సంఘం పెద్దలకు నా వందనాలు చెప్పు. ఎవరన్న ఇటు వస్తుంటె చింతకాయ తొక్కు పంపు. మోకరించినప్పుడు నా పేరు చెప్పు. నాకంటె ముందు ఖాజా పేరు చెప్పు. ప్రార్థనల ఆ పేరు నా నోటికి ఇంకా వస్తలేదు.

నీ దీవెన కోరే తమ్ముడు,
యేసోబు