మూడు నెలల మాట

6 ఆగస్టు 2003, బుధవారం

రూరల్ పోస్టింగ్ మొదలై మూడో రోజు. ఇవాళ జగ్గయ్యపేటలో మగవాళ్ళకి కుటుంబ నియంత్రణ క్యాంపు. నందిగామ ఆస్పత్రి నుంచి జీపులో వెళ్ళాం. ఆపరేషన్లు జ్ఞానయ్య సారు చేశారు. కుట్టు లేని వేసెక్టమీ, మనిషికి పది నిమిషాలు. హౌస్‌సర్జన్లలో గిరీష్‌ని అసిస్ట్ చెయ్యమని, ఆడపిల్లనని నన్ను బయట కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు.

ఒక్కొక్కరికీ చెప్పాల్సింది ఒకటే. ఆపరేషన్ అయినా మూడు నెలల దాకా బీజం లోపల మిగిలే ఉంటుంది, అప్పటిదాకా నిరోధ్ వాడాలి, ఆ తర్వాత టెస్టుకి రావాలి.

ఇది నేను పుట్టి పెరిగిన ఊరు. నాన్న కిరాణా కొట్టులో మూటలు దించే మనిషి కూడా వరసలో ఉన్నాడు. అతనూ తలెత్తలేదు, నేనూ ఎత్తలేదు. అచ్చేసిన కాగితం, న్యూస్‌పేపర్లో చుట్టిన నిరోధ్ పొట్లం చేతిలో పెట్టి, అన్నీ ఇందులో ఉన్నాయి, అలాగే చెయ్యండి అన్నాను. కార్డు మీద ‘సలహా ఇవ్వడమైనది’ అన్న చోట టిక్కు పెట్టి సంతకం చేశాను. పందొమ్మిది మందికీ అంతే.

14 ఆగస్టు, గురువారం

జ్ఞానయ్య సారు గురువారం క్లాసు ఇంకెక్కడా ఉండదనుకుంటా. మన పొరపాటు వల్ల పేషెంటుకి నష్టం జరిగితే, ఆ సంగతి పేషెంటుకి ఎలా చెప్పాలి? అదే క్లాసు. హెడ్ నర్స్ లూర్దమ్మ పేషెంటుగా బల్ల మీద కూర్చుంటుంది. మేం ఒక్కొక్కళ్ళం వెళ్ళి ఒప్పుకోవాలి. జరిగింది ముందు చెప్పు, నీ నోటితోనే క్షమించమను, ఆ తర్వాత నోరు మూసుకుని వాళ్ళు ఏమంటారో విను అంటారు సారు. మూడోదే కష్టమట.

గిరీష్‌కి నవ్వాగలేదు. నేను మాత్రం ఎక్కడా తడబడలేదు. లూర్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నటనే. అయినా గర్వంగా అనిపించింది.

25 సెప్టెంబర్, గురువారం

క్లాసులో ఇవాళ కూడా నాదే బాగుందన్నారు.

3 నవంబర్, సోమవారం

రాయాలని లేదు. అయినా రాయాలి.

ఓపీకి ఒకామె వచ్చింది. పేరు జయమణి. పుట్టిల్లు చిల్లకల్లు, అత్తగారిది పెనుగంచిప్రోలు. భర్త పుల్లయ్య ఆటో తోలతాడు. ఇద్దరు పిల్లలు. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది, పదో వారం. భర్తకి ఆగస్టులో ఆపరేషన్ అయింది. అయినాక కడుపెలా వచ్చింది, ఎవడిది అని అత్త అడిగిందట. పుల్లయ్య ఆమెని ఆటోలో ఎక్కించుకుని తెచ్చి పుట్టింటి గుమ్మం ముందు దించి వెళ్ళిపోయాడట. పిల్లల్ని పంపలేదు.

భర్త కార్డు తీసి నా చేతిలో పెట్టింది. టిక్కు నాది. సంతకం నాది.

పొట్లం వాడారా అని అడిగాను. ఏ పొట్లం అంది. కాగితం చదివారా అంటే, మా ఇంట్లో చదువొచ్చినోళ్ళు ఎవరున్నారమ్మా అంది.

ఇలాంటప్పుడు గర్భం తీయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందని చెప్పాను. అది మాత్రం గడగడా చెప్పేశాను. ఆమె "తీయించుకుంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టేగా డాక్టరమ్మా" అంది.

నేను చెప్పాల్సింది అప్పుడే. ఐరన్ మాత్రలు రాసి పంపేశాను.

4 నవంబర్, ఉదయం

నందిగామ బస్సు చిల్లకల్లులో ఆగింది. కిటికీ తలుపు దించేసుకున్నాను.

6 నవంబర్, గురువారం

క్లాసులో నా వంతు వచ్చింది. లూర్దమ్మ బల్ల మీద కూర్చుని రా తల్లీ అంది. వంట్లో బాగోలేదని బయటికి వచ్చేశాను.

సాయంత్రం సారు గదికి వెళ్ళి అంతా చెప్పాను. నిరోధ్ అన్న మాట పలకడానికి సిగ్గుపడ్డానని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. కొత్త పిల్లని, అందులోనూ సొంత ఊళ్ళో, ఆ టేబుల్ దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టడం తన తప్పన్నారు. జయమణి ఇచ్చిన కార్డు చదివి, టిక్కు పెట్టకపోతే ఒక తప్పే ఉండేది, ఇప్పుడు రెండు అన్నారు. మిగతా పద్దెనిమిది మంది పేర్లు రేపే తీయించి ఇంటింటికీ మనిషిని పంపుతారట.

పుల్లయ్యకి ఎవరు చెప్పాలి అని అడిగారు. మీరే చెప్పండి సార్ అన్నాను. నేనూ వస్తాను, చెప్పేది మాత్రం నువ్వే అన్నారు.

7 నవంబర్

ఇంట్లో చెప్పాను. అమ్మ భయపడింది. నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. పెళ్ళి కావాల్సిన పిల్లవి, పెనుగంచిప్రోలు వెళ్ళి నలుగురు మగాళ్ళ ముందు ఆ మాటలన్నీ మాట్లాడతావా అన్నారు. కోర్టు కేసు పెడితే డిగ్రీ ఉంటుందా అన్నారు. రెండూ నాకూ భయమే.

8 నవంబర్, శనివారం

సారు కబురు పెడితే పుల్లయ్య టెస్టుకి వచ్చాడు. నేను లాబ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాను. బీజం ఇంకా కనిపిస్తే జయమణి మాట నిజమని తేలిపోతుంది. నేను నోరు విప్పే పనే ఉండదు. దేవుడికి దండం పెట్టుకున్నాను.

రిపోర్టు నిల్. చూశారా సార్, నాలో ఏమీ లేదు అని అతను వెళ్ళిపోయాడు.

ఇవాళ లేనంత మాత్రాన సెప్టెంబర్ మొదట్లో లేదని కాదు అన్నారు సారు. అయితే దానికి కాగితం రుజువు ఏదీ లేదు. నేను చెప్పే మాట ఒక్కటే మిగిలింది.

9 నవంబర్, ఆదివారం

అమ్మకి చెప్పి బయల్దేరాను. నాన్న కొట్లో ఉన్నారు, అటు వెళ్ళలేదు. సారూ నేనూ ఆటోలో పెనుగంచిప్రోలు చేరేసరికి పదయింది. పుల్లయ్య ఇంటి ముందు మిరప నారు కట్టలు కడుతున్నారు. అతనూ, తల్లీ, ఇద్దరు అన్నలూ. మంచం వాల్చారు. నేను కూర్చోలేదు.

చెప్పాను. ఆపరేషన్ అయినా మూడు నెలలు బీజం ఉంటుందని చెప్పాను. నిరోధ్ వాడాలని ఆ రోజు నేను చెప్పాలి, సిగ్గుపడి చెప్పలేదని చెప్పాను. పెద్దన్న తల పక్కకి తిప్పుకున్నాడు. చెప్పినట్టు దొంగ టిక్కు పెట్టానని, జయమణి మీద పడ్డ మాట నా వల్లే పడిందని, క్షమించమని అడిగాను. తర్వాత నోరు మూసుకున్నాను.

ముందు అత్త అందుకుంది. ఆడది ఆడదాన్ని కాపాడుతోంది, నిన్న టెస్టు చేసిందీ మీరేగా అంది. నువ్వు డాక్టరువా అంది. ఇంకా చాలా అంది. జవాబు చెప్పబోతే సారు చెయ్యి అడ్డం పెట్టారు.

పుల్లయ్య లోపలికి వెళ్ళి పొట్లం తెచ్చాడు. విప్పను కూడా విప్పలేదు. "ఇది మందనుకున్నానండి. నొప్పొస్తే ఏసుకుందామని దాచా. నొప్పి రాలా" అన్నాడు. దాన్ని మంచం మీద పెట్టి, "మా అమ్మ ముందు ఇంకోసారి చెప్పండి మేడం, మెల్లిగా" అన్నాడు. మళ్ళీ చెప్పాను, మెల్లిగా. వినడం కాగానే ఆటో తాళం తీసుకున్నాడు.

తన ఆటోలోనే మమ్మల్ని చిల్లకల్లు తీసుకెళ్ళాడు.

జయమణి పంచలో బియ్యం చెరుగుతోంది. అక్కడ మూడోసారి చెప్పాను. సోమవారం నువ్వు ఎదురుగా కూర్చున్నప్పుడే నాకు తెలుసు, అయినా చెప్పలేదని కూడా చెప్పాను. సగంలో ఏడుపొచ్చేసింది. నాకే. ఆమె ఏడవలేదు. పుల్లయ్య ఇంటికి పోదాం పద అన్నాడు.

ఆమె నా మీద అరుస్తుందనుకున్నాను. నా వంక చూడనే లేదు. "తొమ్మిదేళ్ళు నీతో కాపరం చేశా. నేను చెబితే నమ్మలా. ఈ పిల్లెవరో వచ్చి చెబితే నమ్మావా" అంది.

పిల్లల్ని ఇక్కడికి పంపమంది. తను రానంది. చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

13 నవంబర్, గురువారం

ఈ పోస్టింగ్‌లో చివరి క్లాసు. ఇవాళ లూర్దమ్మ బల్ల మీద కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు సారు. ఎవరూ నవ్వలేదు. క్షమించారా అని గిరీష్ అడిగాడు. తెలియదన్నాను. మరి చెప్పి ఏం లాభం అన్నాడు. పిల్లలిద్దరూ సోమవారం నుంచి తల్లి దగ్గరే ఉన్నారని చెప్పాను.

మిగతా పద్దెనిమిది మందికీ మాట అందింది. ఎవరికీ ఏమీ కాలేదట. అయినా ఆ పేర్లే తలలో తిరుగుతున్నాయి. నాన్న ఇంకా మాట్లాడటం లేదు.

29 మే 2004, శనివారం

నందిగామలో జయమణికి ఆడపిల్ల పుట్టింది. లూర్దమ్మ ఫోన్ చేసింది. నిన్ను రమ్మంటోంది అంది.

వెళ్ళాను. పుల్లయ్య వరండాలో ఉన్నాడు. వారం వారం చిల్లకల్లు వచ్చి పోతున్నాడట. ఆమె ఇంకా వెళ్ళలేదట.

జయమణి అతన్ని లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఇకమీదట మళ్ళీ ఇలా జరుగుతుందా జరగదా, ఏదీ దాచకుండా ఇతనికి చెప్పు అంది. మొదటి నుంచి చెప్పాను, నిరోధ్ అన్న మాటతో సహా ఏదీ మింగకుండా. పిల్ల ఏడిస్తే ఆగాను.

ఆగొద్దు, చెప్పమంది.