హంగామీ కొలువుకు నోటీసేంది?

నందికొండ, బుధవారం

బాపుకు దండాలు. ఇగ ఫికర్ చెయ్యకు, నన్ను డ్యాము ఆఫీసు కొలువు నుంచి విడిచిపెట్టిన్రు. సోమవారం హైదరాబాదుల పంతులమ్మ ట్రైనింగుల చేరుత.

నెల ముందు నోటీసియ్యందే పోనియ్యనని పెద్ద గుమాస్తా అడ్డం తిరిగిండు. ట్రైనింగు సీటు పోయినట్టేననుకున్న. గప్పుడు ఇంజినీరు సారు, "హంగామీ కొలువోళ్లను మనం చెప్పకుండనే తీసేస్తం గదా, వాళ్లు చెప్పకుండ పోతే తప్పేంది?" అన్నడు. గుమాస్తా సంతకం పెట్టుకుంట, "హంగామీగ వచ్చి హంగామా చేసి పోతున్నవమ్మా" అని గొణిగిండు. ఉంటదో ఊడుతదో తెల్వని హంగామీ కొలువని నువ్వు ఎక్కిరిస్తుంటివి, గా మాటనే నన్ను గట్టెక్కిచ్చింది.

ఆదివారం కట్టంగూర్‌ల బస్సు దిగుత. నా బొంత, ఇనుప పెట్టె సదిరి పెట్టమని అమ్మకు చెప్పు. అవ్వ కండ్లు దవాఖానల చూపిచ్చిన్రా?

పెండ్లిచూపులకు ఎవరన్న వస్తమంటే మాత్రం నాకు నెల ముందు నోటీసియ్యాలె. ఇంట్ల నేను హంగామీ కాదు గదా.

అందరు సల్లగుండాలె.
నీ బిడ్డ, యాదలక్ష్మి