నన్ను దించిన బండి

హిందూపురం

మరిది శ్రీరాములుకు,

నువ్వు అమ్మిన పాత వ్యాన్ కొన్నది నేనే. మెకానిక్ జోసెఫ్ తెచ్చిన కాగితాల్లో కొనేవాళ్ల పేరు ఖాళీగా ఉన్నా, నువ్వు అడక్కుండానే సంతకం పెట్టావట.

లోపల మంచం, పొయ్యి పెట్టించుకుని ఊళ్లు తిరుగుదామని బండి వెతికాను. ఇక్కడ చూసినదాంట్లో నిలబడితే తల తగిలింది. ధర్మవరంలో చూసిన స్కూలు బస్సు మన సందుల్లో మళ్లదు. "మీ మరిది బండి ఎత్తుగా ఉండాది, ఇంజనూ గట్టిదే అక్కా" అన్నాడు జోసెఫ్.

ఆ బండి నాకు తెలియనిదా? మీ అన్న పోయిన మూడు నెలలకు, పెనుకొండలో దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "కొత్త బండి. మొగుడు పోయినదానివి, నువ్వు ముందు కూచుంటే యాడ కలిసొస్తాది? దిగు వదినా" అన్నావు. అందరూ చూస్తుండగా దిగాను. ఇప్పుడు వెనక సీట్లన్నీ పీకించాను. నేను దిగిన సీటు మాత్రం అలాగే ఉంచాను.

నీ కొత్త వ్యాన్ ఆదివారం పొద్దున ఆరింటికి మొదటిసారి బయలుదేరుతుందని విన్నాను. నిమ్మకాయలు బాగా పెట్టుకో. సరిగ్గా ఆ వేళకు మీ వీధిలోకి వస్తాను. ఎదురొచ్చేది నేనే.

స్టీరింగ్ పట్టిన
నీ వదిన