కలిసిందన్న కేక

ఆదివారం, ఉదయం

అన్నయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం, మీరంతా బాగున్నారని తలుస్తాను. మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక అసలు సంగతికొస్తాను.

రెండు వీధుల అవతల ఉన్నవాడికి ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు ఫోను ఎత్తవు. దారిలో ఎదురైతే గోడవైపు చూస్తావు.

మన ఫ్యాక్టరీ కంప్రెసర్ హాల్లో ఆ పెద్ద మోటారు సంగతి నాకు నేర్పింది నువ్వే. అది దానంతట అది పూర్తి వేగం అందుకోలేదు. ముందు మామూలు మోటారులా పరిగెత్తించాలి. చుట్టూ గిర్రున తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు అందుకున్నాక, సరిగ్గా అప్పుడు, తిరిగే భాగానికి డీసీ కరెంటు ఇవ్వాలి. దాంతో ఆ క్షేత్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇక బరువు పెరిగినా తరిగినా వేగం మారదు. మోయలేనంత బరువు పడితేనే పట్టు జారి ఆగిపోతుంది. కానీ డీసీ ముందే ఇచ్చామా, ఒకసారి లాగుతుంది, ఒకసారి తోస్తుంది, పునాదులు కదిలిపోతాయి. ఇది మొండిఘటమే గానీ మాట తప్పదే అనేవాడివి. నీకంటే అదే నయం.

మోటారు పక్కన నువ్వు, మూలనున్న స్విచ్చి దగ్గర నేను. వేగం అందగానే నువ్వు ‘కలిసింది’ అని కేకేస్తేనే నేను డీసీ ఇవ్వాలి. ఆ మాట వినకుండా నేనెప్పుడూ చెయ్యి కదపలేదు.

ఆ రోజు, వేగం కలిసిందో లేదో ముల్లుతో చూపే మీటరు రిపేరుకి వెళ్లింది. అది వచ్చాకే నడుపుదామన్నాను. నా చెవులుండగా మీటరెందుకే అన్నావు. వేగం దగ్గరపడేకొద్దీ మోటారు మోతలో ఊపులు నెమ్మదిస్తాయి, అవి విని చెప్పడం నీకు అలవాటే. నాకేమో ఊపులు ఇంకా గబగబా వస్తున్నట్టే అనిపించింది. అయినా నువ్వు కలిసింది అన్నావు, నేను స్విచ్చి వేశాను. హాలంతా దద్దరిల్లింది. షాఫ్టు బీటవారింది.

ఇంజనీరు గారు అడిగితే నా ఎదుటే, నేనసలు కేకే వెయ్యలేదండీ, మా చెల్లెలే తొందరపడింది అన్నావు. నన్ను స్టోరులో కూర్చోబెట్టారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో రేపటి విచారణలో తేలుస్తారట.

కడుపు మండిపోతోంది అన్నయ్యా. పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. రేపు వచ్చి నిజం చెప్పు. రాకపోతే నాకు అన్నయ్య లేడనుకుంటాను.

ఇట్లు,
ఇంకా నీ చెల్లెలినని చెప్పుకోవడానికి మనసొప్పని
చెల్లెలు

తా.క. సాయంత్రం రాస్తున్నాను. ఇది నీ చేతికే ఇద్దామని మీ ఇంటికొచ్చాను. నువ్వు గుమ్మానికి వీపు పెట్టి ఫ్యాను బాగుచేస్తున్నావు. అన్నయ్యా అని పిలిచాను, పలకలేదు. అరిచినట్టే పిలిచాను. మొండికేశావనుకుని వెనుదిరగబోయాను. ఇంతలో వదిన వచ్చి నన్ను పక్కకు తీసుకెళ్లి ఏడ్చేసింది. నీకు వినపడక చాలా కాలమైందట. మాటలైతే పెదాలు చూసి, మోటారైతే మీటరు ముల్లు చూసి నెట్టుకొస్తున్నావట. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని తనచేత ఒట్టు వేయించుకున్నావట. నాతో ఒక్కమాట చెప్పి ఉంటే మోత నేను విని నీకు సైగ చేసేదాన్ని కదా, కేక నువ్వే వేసేవాడివి. నీ నింద మోయడానికి పనికొచ్చిన చెల్లెలు నీ కష్టం వినడానికి పనికిరాలేదా? రేపు అన్నీ చెప్పేస్తాను, నీ చెవుల సంగతితో సహా. అక్కడ నేను చెప్పేది నీకు వినపడదు. అందుకే ముందే రాస్తున్నాను.