వంకర అద్దం

బావగారికి నమస్కారాలు.

మీ చెల్లెలికి మీరు పంపిన టెలిస్కోపు క్షేమంగా చేరింది. మొదటి రెండు రోజులూ చందమామ కూడా క్షేమంగానే కనిపించాడు, కాకపోతే తలకిందులుగా. కారణం ఏమిటా అని గొట్టంలోకి తొంగిచూస్తే, మూతి దగ్గర చిన్న అద్దం ఒకటి ఏటవాలుగా ఉంది. ముప్పై ఏళ్లుగా ఇళ్లకూ సెలూన్లకూ అద్దాలు బిగిస్తున్నవాణ్ణి. వంకర అద్దం కనబడితే నాకు నిద్రపట్టదు. గొట్టం నిలబెట్టి, మరలు వదులు చేసి, రసమట్టం చూసుకుని, వెంట్రుకవాసి తేడా లేకుండా తిన్నగా బిగించాను.

అప్పటినుంచీ చందమామ లేడు. గొట్టం పక్కనున్న కన్నంలో కన్ను పెడితే, లోపలి నలుపు మాత్రం చాలా స్పష్టంగా కనిపిస్తోంది.

మబ్బు పట్టిందని మూడు రోజులుగా మీ చెల్లెలికి చెప్పుకొస్తున్నాను. ఆకాశమేమో కడిగిన పలకలా ఉంది. "మబ్బు మన గొట్టానికే పట్టిందా?" అని నిన్న అడిగింది. శనివారం తన ఆఫీసువాళ్లందరినీ చందమామను చూడ్డానికి పిలిచింది. టెలిస్కోపుతో వచ్చిన పుస్తకం తన దగ్గరే ఉంది. అడిగితే, ఎందుకంటుంది.

అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ అద్దం సరిగ్గా ఎంత వంకరగా ఉండాలి? జవాబు ఇంటికి కాదు, కొట్టుకి రాయండి.

పోయినేడు మీ హాల్లో నేను బిగించిన అద్దం ఒరిగిందని మీరంటే, మీ గోడే వంకరని గంటసేపు వాదించాను. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉంచితే, మీ గోడ తిన్నగానే ఉందని మీ చెల్లెలి ముందే ఒప్పుకుంటాను.

ఇట్లు,
మీ బావ