పడని మందుల జాబితా

మార్చి 3, సోమవారం

నిన్న నేను చూసుకునే కంప్యూటర్లన్నిటిలో సెక్యూరిటీ అప్‌డేట్ తనంతట తానే ఎక్కేసింది. నేను ఆఫీసులో అడుగు పెట్టేసరికే వార్డు నుంచి ఫోన్, జాబితా తెరుచుకోవడం లేదని. ఈ హాస్పిటల్లో ఎవరికి ఏ మందు పడదో ఉండేది ఆ ఒక్క ప్రోగ్రాంలోనే. సిస్టర్ బెడ్ నంబరు, మందు పేరు కొడుతుంది. ఎర్ర గడి వస్తే ఇంజెక్షన్ ఆపుతుంది. రాకపోతే ఇచ్చేస్తుంది. దాన్ని రాసినాయన పదకొండేళ్ల కిందట రాసిచ్చి ఎటో వెళ్లిపోయాడు. ఆయన నంబరుకి ఫోన్ చేస్తే టైర్ల షాపువాళ్లు ఎత్తారు.

సాయంత్రం 4

దొరికింది. ఆ ప్రోగ్రాం జాబితాను తన ఫోల్డర్లోనే దాచుకుంటుంది. ఇకమీదట అక్కడ ఎవరూ ఏమీ రాయకూడదని అప్‌డేట్ తలుపేసింది. పాత ప్రోగ్రాముల సెట్టింగులో ఒక టిక్ పెట్టాను, తెరుచుకుంది. నా లాగిన్‌తో ఉత్తుత్తి పేరొకటి ఎక్కించి, మూసి, మళ్లీ తెరిచాను. ఉంది. చెరిపేశాను. చాలనుకున్నాను.

పెద్ద సిస్టర్ బతికించావు తల్లీ అని టీ తెప్పించింది. నేను కాస్త పోజు కూడా కొట్టాను.

మార్చి 4

ఒక్క ఫోనూ రాలేదు. అదే భయంగా ఉంది. మా ఆయనతో అంటే, కంప్యూటర్ చెడినా నీకు భయమే, బాగున్నా భయమే, ముందు తిను అన్నాడు.

మార్చి 6, మధ్యాహ్నం 3

రాయకపోతే ఊపిరాడేలా లేదు.

పదకొండుంబావుకి పెద్ద సిస్టర్ ప్రింటర్ కాగితాల కోసం వచ్చి మాటల్లో అంది, నా లాగిన్లో ముప్పై ఆరు పేర్లున్నాయి, పొడుగు సిస్టర్ లాగిన్లో ముప్పై రెండే ఉన్నాయి, ఎందుకలా అని. ఏం లేదు సిస్టర్, చూస్తాను అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

చూశాను. నేను పెట్టిన టిక్ వల్ల, ఎవరు రాసింది వాళ్ల లాగిన్ కింద వేరే కాపీగా పడుతోంది. ముగ్గురు సిస్టర్లు, మూడు జాబితాలు. ఎవరికి వాళ్లు తమదే మొత్తం అనుకుంటున్నారు. సోమవారం నా ఒక్క లాగిన్‌తోనే చూసుకుని మురిసిపోయాను.

అప్పుడే వార్డుకు ఫోన్ చేసి ఇంజెక్షన్లు ఆపమనాల్సింది. చెయ్యలేదు. ముందు మూడూ కలిపేస్తే ఎవరికీ తెలియకుండా పోతుందనుకున్నాను. ఉద్యోగం గుర్తొచ్చింది, పరువు గుర్తొచ్చింది. తలుపు గడియ పెట్టుకుని పేర్లు కలుపుతూ కూర్చున్నాను. నలభై నిమిషాలు. పొడుగు సిస్టర్ జాబితాలో లేని నాలుగో పేరు ఆరో బెడ్డు టైలర్‌ది. గడియారం చూశాను. పన్నెండింటికి ఇంజెక్షన్ల రౌండు.

మెట్లమీద చెప్పు తెగింది. వదిలేసి పరిగెత్తాను.

ఆరో బెడ్డు దగ్గర పొడుగు సిస్టర్ సిరంజి పట్టుకుని ఉంది. అది నాకు పడదమ్మా, నిన్న పెద్ద సిస్టరమ్మతో చెప్పాను అని టైలర్ బతిమాలుతున్నాడు. మీరు వేరే మందు అనుకుంటున్నారు బాబాయ్, కంప్యూటర్లో అలాంటిదేం లేదు అని ఆమె నవ్వుతూ నచ్చజెబుతోంది. ఆయన ఒప్పుకుని చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. సిరంజి కింద పడింది.

మార్చి 7

మూడు జాబితాల సంగతి పెద్ద డాక్టరుకు నిన్ననే చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఈ మూడు రోజుల్లో ఇంకెవరికి ఇచ్చేశారో ఎవరు చెప్తారు అన్నాడు. నేనూ సిస్టర్లూ కేస్ షీట్లు ముందేసుకుని ఒక్కొక్కటే చూశాం. సాయంత్రానికి తేలింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు అందరికీ ఒకటే జాబితా. మూడు లాగిన్లతోనూ చూశాను, రెండేసి సార్లు.

నలభై నిమిషాల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మార్చి 8

నిద్ర లేదు.

మార్చి 10

టైలర్ డిశ్చార్జయ్యాడు. వెళ్తూ నా గది వెతుక్కుంటూ వచ్చి, పరిగెత్తుకొచ్చి ప్రాణం నిలబెట్టావమ్మా అన్నాడు. చెప్పేశాను, నాకు పదకొండుంబావుకే తెలుసని.

ఆయన సంచి కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు తన చేతి వంకే చూసుకున్నాడు.