పోపు పెట్టని పచ్చడి

ఏవండీ,

పొయ్యి ముట్టించకండి. ఫ్రిజ్‌లో స్టీలు గిన్నెలో ఉన్నది హెంప్ గింజల పచ్చడి. నానబెట్టిన గింజలు, పచ్చిమామిడి, కొబ్బరి, పచ్చిమిరపకాయలు కలిపి రోట్లో నూరాను, అంతే. మొన్న నేను స్నానం చేసి వచ్చేలోపు మీరు దానికి ఆవాలు, ఇంగువ వేసి పోపు పెట్టేశారు. వండినవీ, పాలూ పెరుగూ ముట్టని మన అమ్మాయి వెన్నెల ఆ పూట కీరదోసకాయ తిని హాస్టల్‌కు వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను హిజ్లీలో దాని కాలేజీ హాస్టల్‌కే వెళ్తున్నాను. స్నేహితులందరికీ ఈ పచ్చడి చేసి చూపించమని పిలిచింది. చిన్న రోలు సంచిలో పెట్టుకున్నాను. మీ రైల్వే వర్క్‌షాపులో అందరూ పోపు వాసనతోనే నా క్యారేజీ కనిపెట్టేవారు కదా! పోపు లేకపోయినా నా చెయ్యి నా చెయ్యేనని ఇవాళ క్యాంపస్‌లో తెలుస్తుంది.

“ఏటిది, గంజాయి గింజలా? నా ఉద్యోగం పోద్ది!” అని ఆ హెంప్ గింజలు చూసి మీరు గోల చేశారు. మత్తు ఉండదని వాటిని అమ్మిన గోల్‌బజార్ దుకాణం బెంగాలీ దాదా చెప్పినా నమ్మలేదు. ముట్టనని ఒట్టు కూడా వేసుకున్నారు. సరే, అన్నం హాట్‌బాక్సులో ఉంది.

చంద్రావతి

తిన్నాక గిన్నె కడిగి పెట్టండి. నిన్న మీరు బోర్లించింది కడిగిన గిన్నె కాదు, నాకిన గిన్నె.